గుమస్తాకు బొచ్చు ఊడిన ఏడాది

మా దుకాణంలో గుమస్తా అంటే మనిషి కాదు, కుక్క. తొమ్మిదేళ్ల కిందట మా ఆవిడ చేతిసంచిలో పెట్టుకుని తెచ్చింది. పిల్లగా ఉన్నప్పుడే గుమ్మం పక్కన కూర్చుని, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ రిజిస్టరులో ఎక్కించుకుంటున్నట్టు తల ఎత్తుతూ దించుతూ చూసేవాడు. "వీడు మన గుమస్తా" అంది ఆవిడ. ఆ పేరే నిలిచిపోయింది. గోధుమరంగు ఒళ్లు, నల్లమూతి, నిలబడిన చెవి ఒకటి, వాలిన చెవి ఒకటి. ఏ జాతి కుక్క అని ఎవరైనా అడిగితే "అన్ని జాతులూ తలో చెయ్యి వేశాయి" అనేది.

మాది పుస్తకాలు బైండు చేసే దుకాణం. కింద పని, పైన రెండు గదుల కాపురం. కాలేజీలో నేను చదివింది చరిత్ర, చేతికి అంటుకున్నది మైదా బంక. మామగారి దగ్గర సరదాకి నేర్చుకున్న పని ముప్ఫై నాలుగేళ్లుగా కడుపు నింపుతోంది. లైబ్రరీల్లో చిరిగిన నిఘంటువులు, ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ పిల్లల లావుపాటి థీసిస్‌లు మా దగ్గరికి వస్తాయి. ఫారాలు, అంటే పెద్ద కాగితాలు, మడిచి దారంతో కుట్టేది చెల్లెమ్మ. సొంత చెల్లెలు కాదు. పద్దెనిమిదేళ్లుగా కిటికీ పక్కన పీట వేసుకుని కుడుతూ, మా ఆవిడను వదినా అనీ నన్ను అన్నయ్యా అనీ పిలుస్తూ చెల్లెలైపోయింది. అట్టలు కోయడం, బంక రాయడం, గుడ్డ అతకడం నా పని. బంక వండటం మాత్రం మా ఆవిడది. మా వృత్తిలో మిగతావాళ్లు వారానికొకసారి వండి పెట్టుకుంటారు. ఆవిడ రోజూ పొద్దున్నే తాజాగా వండేది.

ఆవిడ పోయి ఏడాదిన్నర. నిద్రలోనే, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా పోయింది. ఆ తర్వాత గరిటె నా చేతికి వచ్చింది. మొదట్లో బంక ఉండలు కట్టేది. చెల్లెమ్మ కుట్టు ఆపకుండానే గిన్నెలోకి తొంగిచూసి, "ఇది పుస్తకాలకా అన్నయ్యా, గోడ కట్టడానికా?" అనేది.

ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాడికి లోకం చడీచప్పుడూ లేకుండా చిన్న చిన్న ఉపకారాలు చేస్తూ ఉంటుంది. నేను చెప్పకముందే పాలాయన ఒక గ్లాసు తగ్గించి పోశాడు, కారణం అడగలేదు. లైబ్రరీ ఆవిడ ఆ నెలంతా తేలికపాటి కథల పుస్తకాలే పంపింది. వాటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చినది బంక గిన్నె సంగతి. మధ్యాహ్నం చెల్లెమ్మ భోజనానికి వాళ్ల ఇంటికి వెళుతుంది, నేను పైకి వెళ్లి తిని కాసేపు నడుం వాలుస్తాను. బల్ల నిండా ఆరే పుస్తకాలు ఉంటాయి కాబట్టి గిన్నెను కిందే, బల్ల కాలి పక్కన వదిలేస్తాను. అడుగున వేలెడు మందం బంక మిగిలి ఉంటుంది. దిగి వచ్చేసరికి ఆ గిన్నె తళతళలాడుతూ ఉండేది. అట్టకట్టిన బంక గిన్నె తోమడం మా పనిలోకల్లా దిక్కుమాలిన పని. అది నాకు తప్పించాలని చెల్లెమ్మ ముందే వచ్చి కడిగేస్తోందని అర్థమైంది. పైకి అంటే ఆ ఉపకారం పలచబడిపోతుందని నేనూ నోరెత్తలేదు. అలా ఏడాది పైన గడిచింది.

గుమస్తాకు బొచ్చు ఊడటం మొదలైంది ఆ ఏడాదిలోనే. ఆవిడ పోయిన మూడు నెలలకు వాలిన చెవి వెనక బొత్తాం అంత మచ్చ కనిపించింది. ఎక్కడో రాసుకున్నాడనుకున్నాను. తర్వాత చంకల కింద, పొట్ట మీద, తోక మొదట్లో. చర్మం ఎర్రగా కంది ఉండేది. రోజంతా గోక్కోవడం, పాదాలు నాక్కోవడం. చివరికి తోక ఎలుకతోకలా మిగిలింది. ఆడిస్తే కుర్చీ కాలికి తగిలి టకటకమనేది.

మొదటి వైద్యం ఎదురు సెలూన్ ఆయనది. ఆయన తల నున్నగా ఇత్తడి చెంబులా మెరుస్తుంది. ఒకరోజు సీసా పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"మాస్టారూ, ఈ నూనె రాయండి. నెల తిరక్కుండా గడ్డి మొలిచినట్టు మొలుస్తుంది."

"మీరు రాసుకోలేదా?" అంది చెల్లెమ్మ తల ఎత్తకుండా.

"నాది వేరమ్మా. నాది మా నాన్నగారి ఆస్తి. దాన్ని పోగొట్టుకోకూడదు."

నూనె రాశాం. గుమస్తా దాన్ని శుభ్రంగా నాకేసి, ఆ మధ్యాహ్నం సెలూన్ గుమ్మంలోనే వాంతి చేసుకున్నాడు. అక్కడితో ఆ వైద్యం ముగిసింది.

తర్వాత పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చిన్న మనిషి, పెద్ద గొంతు, జేబులో ఎప్పుడూ నాలుగు పెన్నులు. చర్మం మీద బ్లేడుతో గీకి, గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూసింది. గది చీకటి చేసి నీలిదీపం వేసి చూసింది. రక్తం తీసి పంపింది. వారం తర్వాత కాగితాలన్నీ ముందు పరిచింది.

"పురుగు లేదు. బూజు లేదు. థైరాయిడ్ నాకన్నా బాగుంది. కాగితాల ప్రకారం మీ కుక్క పహిల్వాన్ అండీ."

"మరి బొచ్చు?"

"అదే తెలియట్లేదు. తెలియదని ధైర్యంగా చెప్పడానికే ఇన్నేళ్లు చదివాను." నవ్వి, ఒక పెన్ను తీసింది. "తిండి పడకపోవడం ఒకటి మిగిలింది. దానికి రక్తపరీక్ష నమ్మలేం. ఎనిమిది వారాలు ఉడికించిన బంగాళదుంప, ఒకే రకం చేప. అంతే. బిస్కెట్ ముక్క కూడా వద్దు. నోట్లోకి ఏది పోయినా రాయండి. ఏది పోయినా సరే."

రాయమంటే మాకు పండగే కదా. ఆ సాయంత్రమే గుమస్తా కోసం ఒక పుస్తకం కట్టాను. ఫారాలు చెల్లెమ్మ కుట్టింది. అట్టకు బూడిదరంగు కాగితం, వెన్నుకు ఎర్ర గుడ్డ, మూలలకు కూడా అదే గుడ్డ. మా ఆవిడ పోయాక ఒకరి కోసం అంత ముచ్చటగా కట్టిన పుస్తకం అదే. బల్ల కింది అరలో, గుమస్తా పడుకునే గోనెపట్టా దగ్గర పెట్టి, ప్రతి ముద్దా రాశాను. "ఉదయం ఎనిమిది: బంగాళదుంప రెండు, చేప ఒక ముక్క. పది: ఎదురింటి గుమ్మంలో ఏదో నాకాడు, చూస్తే వాన నీరు." ఒకసారి ఈగను పట్టుకుని మింగితే అది కూడా రాశాను.

సెలూన్ ఆయన రోజూ పొద్దున్న వచ్చి పుస్తకం తిరగేసేవాడు. "ఈగ శాకాహారమా, మాంసాహారమా మాస్టారూ?"

ఐదు వారాలు గడిచాయి. పేజీలు నిండాయి గానీ ఒళ్లు నిండలేదు.

చెల్లెమ్మకు మాత్రం రోగం ఏమిటో ముందునుంచీ తెలుసు. "దిగులు అన్నయ్యా. ఏ అద్దంలోనూ కనపడదు. వదిన పోయిన మూడు నెలలకే మొదలైంది చూడండి. మనుషులం మనం ఏడ్చేసి ఊరుకున్నాం. నోరులేనిది, అది ఎక్కడ ఏడుస్తుంది?"

ఆ మాట నేను డాక్టరమ్మతో అనలేదు. కానీ లోపల దాచుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తోడుగా ఉండేది. సాయంత్రం దుకాణం మూశాక గుమస్తా బోడి వీపు మీద చెయ్యి వేసి, మనిద్దరమే కదరా అనుకునేవాణ్ణి. వాడు చెయ్యి నాకేవాడు. చాలాసేపు నాకేవాడు.

ఐదో వారం చివర మా అమ్మాయి వచ్చింది. బస్సులో నాలుగు గంటల దూరంలో కళ్లద్దాల దుకాణంలో పని చేస్తుంది. రోజంతా మనుషుల కళ్లలోకి లైటు వేసి చూసే అలవాటు కాబట్టి ఎవరి దగ్గరా ఏదీ దాగదు. గుమస్తా తోకను రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"నాన్నా, ఇది తోకా, తాడా?"

"కొంచెం నయమే తల్లీ. మొన్న చూడాల్సింది."

"మొన్న ఫోటో నా ఫోనులో ఉంది. అబద్ధం ఆడటం నీకు చేతకాదు, ఎందుకు మొదలుపెడతావ్." గుమస్తా తలను ఒళ్లో పెట్టుకుంది. "చూడు, ఈ ఇంట్లో ప్రతి మూలా అమ్మ వాసనే. వీడు రోజూ మెట్ల దగ్గర కూర్చుని పైకి చూస్తాడని అత్త చెప్పింది. మూడు వారాలు నా దగ్గర ఉంచుకుంటా. తిండి నువ్వు పెట్టేదే పెడతా. గాలి మారితే ఏమవుతుందో చూద్దాం."

"తగ్గకపోతే?"

"తెచ్చి నీకే అప్పగిస్తా."

"తగ్గితే?"

అమ్మాయి వాడి పక్కబట్ట మడవడంలో పడింది.

ఆ మూడు వారాలు దుకాణంలో మనుషులు ఎప్పుడు వచ్చారో ఎప్పుడు పోయారో ఎవరూ తల ఎత్తి చూడలేదు. పుస్తకంలో గీతలు గీసిన ఖాళీ పేజీలు ఉండిపోయాయి. ఒక మధ్యాహ్నం దిగి వచ్చేసరికి గిన్నె కడిగి లేదు. మర్నాడూ లేదు. చెల్లెమ్మకు కూడా గుమస్తా లేక మనసు బాగాలేదేమో అనుకుని, నేనే తోముకున్నాను. గోరు పెట్టి గీకినా రాలేదు. పాపం ఏడాదిగా ఇంత కష్టపడిందా అనిపించింది.

అమ్మాయి రోజుకొక ఫోటో పంపేది. మొదటి వారం గోకడం ఆగింది. రెండో వారం చర్మం చల్లబడి మామూలు రంగులోకి వచ్చింది. మూడో వారం చివర పంపిన ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. పొట్ట మీద, మొక్కజొన్న కంకి పీచంత మెత్తగా, కొత్త నూగు.

నేను సంతోషించాను. అబద్ధం కాదు, మొదట సంతోషమే. తర్వాత బల్ల దగ్గర కూర్చుని ఒక అట్టను మూడుసార్లు తప్పు కొలతకు కోశాను.

మాట ప్రకారం అమ్మాయి గుమస్తాను తెచ్చి దింపింది. వాడు దుకాణంలో అడుగు పెట్టగానే నా చుట్టూ, చెల్లెమ్మ చుట్టూ, బల్ల చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. ఎలుకతోక టకటకమంది. పన్నెండు రోజులు తిరిగేసరికి మళ్లీ గోకడం మొదలు. కొత్తగా వచ్చిన నూగు గోనెపట్టా మీద రాలింది.

ఆ రోజు ఫోనులో అమ్మాయి గొంతు మెత్తగా ఉంది. తిట్టినా బాగుండేది.

"శనివారం వస్తున్నా నాన్నా. ఇక వాణ్ణి నా దగ్గరే ఉంచుకుంటా. నీ తప్పు ఏం లేదు. ఆ ఇల్లే వాడికి పడట్లేదు."

"అలాగే తల్లీ" అన్నాను. ఇంకేం అనగలను? నా దగ్గర ఉంటే ఒళ్లు పుండవుతోంది, అక్కడ ఉంటే బొచ్చు వస్తోంది. చరిత్ర చదివినవాడిని, ఆధారాలు కళ్ల ముందు పెట్టుకుని కాదనలేను. ఇల్లు పడకపోవడం అంటే ఇంట్లో ఉన్నది ఎవరని? నేనేగా. నన్ను చూసినప్పుడల్లా వాడికి ఆవిడ గుర్తొస్తోందేమో అనుకున్నాను.

శనివారం పొద్దున్న పదకొండింటికి అమ్మాయి వచ్చింది. గుమస్తా పక్కబట్ట, నీళ్ల గిన్నె, మెడపట్టీ సంచిలో సర్దింది. చెల్లెమ్మ ముక్కు ఎగబీలుస్తూ సూదిలో దారం ఎక్కిస్తోంది, ఎక్కడం లేదు. నేను వంగి బల్ల కింది అరలోంచి గుమస్తా పుస్తకం తీశాను.

"ఇది కూడా తీసుకెళ్లు తల్లీ. అన్నీ రాశాను. అక్కడి డాక్టరుకు పనికొస్తుంది."

అమ్మాయి అందుకుని తెరిచింది. అట్ట ఆమె ఎడమ చేతిలో ఉండిపోయింది. పుస్తకం జారి కింద పడింది.

 ముప్ఫై నాలుగేళ్లలో నేను కట్టిన పుస్తకం ఊడిపోవడం నా కళ్లతో నేను చూడటం అదే మొదటిసారి.

"నాన్నా" అంది అమ్మాయి, నవ్వు పెదవుల మధ్య నొక్కిపట్టి. "లైబ్రరీ వాళ్లకు చెప్పమంటావా?"

చెల్లెమ్మ గబగబా లేచి వచ్చి పుస్తకం తీసింది. ఫారాలు లాగి చూసింది. "నా కుట్టు గట్టిగానే ఉంది" అంది ముందుగా. "చూడమ్మా, ఒక్క పోగు కదల్లేదు. ఊడింది బంక. బంక ఎవరిదో నేను చెప్పను."

 అట్ట తీసుకుని వెలుతురులో తిప్పి చూశాను. వెన్ను మీద ఎర్ర గుడ్డ అంచులు లేచిపోయాయి. మూలలు నాలుగూ నున్నగా అరిగి, కొంచెం తడిగా ఉన్నాయి. గుడ్డ కింద బంక అనేదే లేదు. పలచన బంక అయితే పొడిపొడిగా రాలుతుంది, మచ్చ మిగులుతుంది. ఇక్కడ మచ్చ కూడా లేదు. తుడిచినట్టు ఉంది.

"తడి ఎందుకుంది?" అన్నాను.

"అర మీద నీళ్లేమైనా పడ్డాయేమో" అంది అమ్మాయి.

"నీళ్లెక్కడివి? గిన్నె కడిగేటప్పుడు చెల్లెమ్మ చేతినుంచి ఏమైనా..." అంటూ ఆగాను. ఏడాదిగా దాచుకున్న మాట నోరు జారింది. జారింది కదా అని పూర్తి చేశాను. "అదే, రోజూ మధ్యాహ్నం బంక గిన్నె కడుగుతున్నావు కదా. నేను చూడలేదనుకోకు. ఎప్పుడూ చెప్పలేదు గానీ, చాలా పెద్ద సాయం అది."

చెల్లెమ్మ నన్ను వింతగా చూసింది. "నేనా? నేనెప్పుడు కడిగాను?"

"మరి?"

"మీరు కదా కడుగుతున్నారు. నేను భోజనం చేసి వచ్చేసరికి గిన్నె అద్దంలా ఉంటుంది. ఇంత బాధలో ఉండి కూడా నాకు పని తగలకుండా చూస్తున్నారే అని, ఎన్నిసార్లు కళ్లనీళ్లు పెట్టుకున్నానో. పైకి అంటే మొహమాటపడతారని ఊరుకున్నా."

"నేను అసలు ముట్టుకోలేదు."

"నేనూ ముట్టుకోలేదు."

అమ్మాయి మా ఇద్దరినీ చూసింది. తర్వాత మెల్లగా తల దించి బల్ల కిందికి చూసింది. మేమూ చూశాం.

గుమస్తా మా ముగ్గురినీ ఒకసారి రిజిస్టరులో ఎక్కించుకుని, గోడ వైపు మొహం తిప్పుకున్నాడు.

"పరీక్షిద్దాం" అంది అమ్మాయి. ఊడిన అట్టను వాడి ముందు నేల మీద పెట్టింది. గుమస్తా కాసేపు పెద్దమనిషిలా పట్టించుకోలేదు. తర్వాత ఒక్క అడుగు వేసి, వెన్నును ముందు కాలితో తొక్కిపట్టి, ఈ చివరనుంచి ఆ చివరకు వరస తప్పకుండా నాకడం మొదలుపెట్టాడు. మా దుకాణంలో ఎంతమంది చదువుకున్నవాళ్లు వచ్చినా ఒక పుస్తకం మీద అంత శ్రద్ధ నేను చూడలేదు.

చెల్లెమ్మ పీట మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దిగులట, దిగులు. నా నోరు పడిపోను. దొంగ వెధవ ఏడాదిగా భోజనాల వేళకు విందు చేసుకుంటున్నాడు. ఒళ్లు గోక్కుంటూ కూడా మానలేదు చూడండి."

అమ్మాయి అప్పటికే డాక్టరమ్మకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. డాక్టరమ్మ గొంతు దుకాణమంతా నిండింది.

"బంకలో ఏముంటుంది?"

"మైదా, నీళ్లు" అన్నాను.

"మైదా అంటే గోధుమే కదండీ. నోట్లోకి ఏది పోయినా రాయమన్నాను."

"బంక తిండి కాదు కదా డాక్టరమ్మా. ఈగను కూడా రాశాను."

అవతల డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "మీకు కాదు. వాడికి అది మధ్యాహ్న భోజనం. రోజూ అదే పనిగా తింటే కొన్నిటికి కొన్నాళ్లకు పడకుండా పోతుంది. అమ్మాయి దగ్గర బంక లేదు, తగ్గింది. సరిపోయింది." తర్వాత గొంతు మారింది. "ఒక్క మాట. మీ బైండింగువాళ్లు బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారని విన్నాను. మీరు కలుపుతారా? అది విషం."

 చెల్లెమ్మ నవ్వు ఆగింది.

"లేదు" అన్నాను. "మా ఆవిడ మానిపించింది. గుమస్తాను సంచిలో తెచ్చిన రోజే మైలుతుత్తం డబ్బా ఎవరికో ఇచ్చేసింది. ఇంట్లో నోరులేని పిల్ల తిరుగుతుంటే విషం పెట్టుకుంటామా అంది. అందుకే రోజూ తాజాగా వండేది. నేనూ అలాగే వండుతున్నాను."

"ఆవిడకు ఒక దండం పెట్టుకోండి" అంది డాక్టరమ్మ. "బొచ్చుతో పోయింది."

ఫోను పెట్టేశాక అమ్మాయి నేల మీద కూర్చుండిపోయింది. గుమస్తా వచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించాడు.

"అది సరే, వదిన ఉన్నప్పుడు వీడి ఆటలు సాగలేదే" అంది చెల్లెమ్మ. "ఆవిడా గిన్నె కిందే పెట్టేది." ఒక క్షణం ఆలోచించింది. "మూత. మూత పెట్టేది అన్నయ్యా. అంచున సొట్ట ఉన్న స్టీలు పళ్లెం. దాని మీద ఇటుక. అదేమైంది?"

 "సొట్ట పళ్లెమా? అది వంటింట్లో విడిగా కనిపిస్తే... అందులోనే తింటున్నాను. ఏడాదిన్నరగా."

"బంక మూతలోనా?"

"కడిగే తింటున్నాను."

"అది మాత్రం మీరే కడిగారని నమ్ముతాను" అంది చెల్లెమ్మ. ఈసారి ముగ్గురం నవ్వాం.  ఇన్నాళ్లూ వాడు నాతో కలిసి దుఃఖిస్తున్నాడనుకున్నాను. వాడు హాయిగా బంక తింటున్నాడు. సాయంత్రాలు నా చెయ్యి అంతసేపు నాకింది కూడా ఓదార్చడానికి కాదన్నమాట. కొంచెం చిన్నబోయాను, దాచడం ఎందుకు. కానీ వెంటనే గుండెల మీదినుంచి బరువు ఏదో దిగింది. వాడికి పడనిది ఈ ఇల్లు కాదు. నేనూ కాదు.

అమ్మాయి సంచిలోంచి పక్కబట్ట తీసి మళ్లీ బల్ల కింద పరిచింది. మూలలు సరిచేస్తూ, మా వైపు చూడకుండా అంది, "మూడు వారాలూ ఇలాగే నా కాలి మీద గడ్డం పెట్టుకుని పడుకునేవాడు నాన్నా. అమ్మ కాలి మీద పెట్టినట్టు. అందుకే... బొచ్చు కోసమే కాదు."

ఆ సంగతి నాకు తట్టనే లేదు. నాకు ఒక్కడికే మిగిలిన వస్తువులా వాణ్ణి పట్టుకుని కూర్చున్నాను.

"నెలకొక వారం నీ దగ్గర" అన్నాను. "గుమస్తాకు సెలవులు ఉండొద్దా?"

"జీతంతో కూడిన సెలవా?"

"బంగాళదుంపలతో కూడిన సెలవు."

సంచి ఖాళీగానే తిరిగి వెళ్లింది. సెలూన్ ఆయనకు విషయం తెలిసి రోడ్డు అవతలినుంచే అరిచాడు. "మాస్టారూ, నాకూ ఏదో పడటం లేదేమో. బంక మానేయమంటారా?"

ఆరు వారాల్లో గుమస్తా పొట్ట, చంకలు పూర్తిగా కప్పుకున్నాయి. తోక మొదలు మాత్రం ఇంకా పలచగా ఉంది. కొత్త బొచ్చు పాతదానికన్నా ఒక వన్నె ముదురు, కొత్త గుడ్డతో అతుకు వేసిన పాత పుస్తకంలా ఉన్నాడు. ఎర్ర వెన్ను పుస్తకాన్ని మళ్లీ కట్టాను, ఈసారి పై అరలో పెట్టాను. గిన్నె కడగడానికి చెల్లెమ్మా నేనూ వంతులు వేసుకున్నాం. ఇప్పుడు నిజంగానే కడుగుతున్నాం. నా వంతు రోజున ఆమె ఐదు నిమిషాలు ముందే వచ్చి కడిగేస్తోందని నాకు తెలుసు, తెలియనట్టు ఉంటున్నాను.

సొట్ట పళ్లెం తిరిగి తన ఉద్యోగంలో చేరింది. నేను వేరే పళ్లెంలో తింటున్నాను. మధ్యాహ్నం గిన్నె మీద పళ్లెం బోర్లించి, దాని మీద ఇటుక పెట్టి, పైకి వెళతాను. గుమస్తా గోనెపట్టా మీద, ఆ ప్రపంచంతో తనకేమీ సంబంధం లేనట్టు కళ్లు మూసుకుని ఉంటాడు. దిగి వచ్చేసరికి ఇటుక రెండంగుళాలు జరిగి ఉంటుంది. పుస్తకం తీసి అది కూడా రాస్తున్నాను.